గ్యాసు గొట్టం కథ: వెదురు బొంగు నుండి నల్ల పైపు దాకా



పెండ గ్యాసు మాట వచ్చినప్పుడు మనమందరం గుంతను గురించే మాట్లాడుతాము. ఎన్ని ఇటుకలు పడతాయి, ఎన్ని పశువులు ఉండాలి, సర్కారు ఎంత ఇస్తుంది అని లెక్కలు వేస్తాము. గుంతకూ పొయ్యికీ నడుమ ఉండే గొట్టం మాత్రం చిట్టచివరకు, మేస్త్రీ పని ముగించి తాపీ కడుక్కునే వేళకు జ్ఞాపకం వస్తుంది. అప్పుడు పొలంలో మిగిలిన పైపు ఏదో ఒకటి తెచ్చి తగిలిస్తాము. నాలుగు నెలలు గడిచేసరికి పొయ్యి మీద మంట సన్నగిల్లుతుంది. "పెండ గ్యాసు పనికిరాదు" అని ఇంట్లో తీర్మానమవుతుంది. ఇల్లాలు మళ్ళీ కట్టెల పొయ్యి ముందు కూర్చుని కండ్లు తుడుచుకుంటుంది. గుంతలో గ్యాసు ఉన్నది, పొయ్యి దాకా రాలేదు, అంతే. గాదె నిండా వడ్లున్నా తలుపు తెరుచుకోకపోతే ఏమి లాభం?

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు విస్తరణాధికారిగా తిరిగే నన్ను రైతులు అడిగే ప్రశ్న ఒకటున్నది. "సారూ, ఇనుప పైపు వేసుకోవాలెనా, ప్లాస్టిక్ పైపు సరిపోతదా?" దీనికి రెండు ముక్కలలో జవాబు చెప్పి వెళ్ళిపోవచ్చును. కాని ఆ జవాబు ఎందుకు అట్లా వచ్చిందో తెలియకపోతే, రేపు బజారులోకి కొత్త రకం పైపు వచ్చిన నాడు మళ్ళీ మొదటికే వస్తాము. అందుచేత ఈ గొట్టం చరిత్రను కొంచెం చెప్పుకుందాము. చదువుతున్నంత సేపూ రెండు ప్రశ్నలు మనసులో పెట్టుకోండి. గొట్టం లోపల ఏమి పోతున్నది? గొట్టానికి బయట ఏమి తగులుతున్నది? చరిత్రలో గొట్టం మారిన ప్రతిసారీ ఈ రెండింటిలో ఒకటి కారణమయినది.

చైనా దేశంలో సిచువాన్ అనే ప్రాంతమున్నది. అక్కడివారు ఉప్పునీటి కోసం లోతైన బావులు దింపేవారు. కొన్ని బావులలో ఉప్పునీటితో పాటు మండే వాయువు కూడా పైకి వచ్చేది. దానిని వృథా పోనియ్యక, వెదురు బొంగుల కణుపులు తొలచి, ఒకదానికొకటి అతికించి, ఉప్పు కాచే కడాయిల దాకా నడిపించినారు. ఇది అనేక శతాబ్దాల కిందటి మాట. మన మేదరివారి చేతిపని చూసినవారికి ఇది నమ్మరానిదిగా తోచదు. వారికి ఇనుప గొట్టాలు లేవు, వెదురు ఉన్నది. అతుకుల దగ్గర వాయువు కారకుండా చూసుకున్నారు గనుక వెదురుతోనే పని సాగినది. అతుకు గట్టిదయితే పేద గొట్టం కూడా పని చేస్తుంది, అతుకు వదులయితే పెద్ద ధర పెట్టిన గొట్టం కూడా పనికిరాదు. మన కథలో ఇది మొదటి పాఠం.

ఇక ఐరోపా సంగతి. 1792లో విలియం మర్డాక్ అనే ఆయన ఇంగ్లండులోని రెడ్రూత్ అనే ఊళ్ళో, బొగ్గును కాచి తీసిన గ్యాసుతో తన ఇంట్లో దీపం వెలిగించినాడు. 1812లో లండను పట్టణానికి గ్యాసు సరఫరా చేసే కంపెనీ ఏర్పడినది. గ్యాసు ఉన్నది, దీపాలు కావాలనే ఇండ్లున్నవి, కాని సన్నని ఇనుప గొట్టాలు చవకగా చేసే విధం ఇంకా తెలియదు. 1815లో నెపోలియనుతో యుద్ధం ముగిసినది. తుపాకులు కుప్పలుగా మిగిలినవి. ఆ తుపాకీ గొట్టాలనే ఒకదాని కొనకు ఒకటి బిగించి గ్యాసు నడిపించినారు. తుపాకీ గొట్టాన్ని ఇంగ్లీషులో బ్యారెల్ అంటారు. ఆ దేశపు పనివారు గ్యాసుకు వాడే ఇనుప పైపును ఆ తరువాత చాలా కాలం దాకా బ్యారెల్ అనే పిలిచినారు. మనుషులను చంపడానికి మలచిన ఇనుము ఇంటి దీపానికి దారి అయినది.

1825లో కార్నీలియస్ వైట్‌హౌస్ అనే పనివాడు, ఇనుప పట్టీని ఎర్రగా కాల్చి, గుండ్రని రంధ్రం గుండా లాగి, అంచులు అతుక్కునేటట్లు చేసే పద్ధతి కనిపెట్టినాడు. పైపు చవక అయినది. అయినా ఇండ్లలో గోడల వెంట వంచి వేయడానికి ఇనుము మొండిది. అందుకని చాలా ఇండ్లలో సీసపు గొట్టాలు వేసినారు. సీసం మెత్తన, చేతితో వంచితే వంగుతుంది. కాని గోడకు మేకు కొడితే సీసపు గొట్టానికి చిల్లు పడేది. ఇంట్లో నిప్పు అంటుకుంటే గొట్టం కరిగిపోయి, లోపలి గ్యాసు బయటికి వచ్చి ఆ నిప్పుకే మేత అయ్యేది. వంటింట్లో నిప్పు ఎప్పుడూ ఉంటుంది. కావున నిప్పుకు కరిగే గొట్టం వంటింట్లోకి రాకూడదు. సీసం నేర్పిన ఈ పాఠం ఈనాటి ప్లాస్టిక్ పైపుకు కూడా అట్లే వర్తిస్తుంది.

ఇనుముకు మరొక శత్రువు తుప్పు. 1837లో ఫ్రాన్సు దేశపు సోరెల్ అనే ఆయన, కరిగిన జింకులో ఇనుమును ముంచి పూత పట్టించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మనం జి.ఐ. పైపు అని పిలిచేది ఇదే. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. పైపు కొనకు మర కోసినప్పుడు ఆ చోట జింకు పూత పోతుంది. అందుచేతనే జి.ఐ. పైపు మధ్యలో బాగుండి మరల దగ్గర ముందు తుప్పు పడుతుంది. వెనుకటి పనివారు జనుపనార చుట్టి సఫేదా పూసి బిగించేవారు. ఇప్పుడు తెల్ల టేపు చుడుతున్నారు. ఏది వాడినా మర మీద గాలి, తేమ తగలకుండా నిండుగా పట్టాలి.

మన దేశానికి వద్దాము. కలకత్తా వీధులలో 1857లో గ్యాసు దీపాలు వెలిగినవి. అది బొగ్గు గ్యాసు. కుళ్ళిన మలినాల నుండి పుట్టే గ్యాసును వాడుకోవచ్చునని బొంబాయిలోని మాటుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో 19వ శతాబ్దంలోనే చేసి చూపినారు. పశువుల పెండ మీద శాస్త్రీయమైన ప్రయోగాలు 1930ల చివర ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనా సంస్థలో ఎస్.వి. దేశాయి చేసినారు. తరువాత జశ్‌భాయి పటేల్ 1951లో, పైన ఇనుప డ్రమ్ము తేలే గ్యాసు గుంతను తయారు చేసినారు. ఖాదీ, గ్రామ పరిశ్రమల కమిషను 1960ల ఆరంభంలో ఈ తరహా గుంతను చేపట్టి ఊరూరా ప్రచారం చేసినది.

ఈ తేలే డ్రమ్ము గుంతలో గ్యాసు ఒత్తిడి చాలా తక్కువ. నీటి ఎత్తుతో కొలిస్తే సుమారు 10 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. 1970ల చివర ఉత్తరప్రదేశ్‌లోని అజిత్‌మల్ పరిశోధనా కేంద్రం నుండి జనతా గుంత వచ్చినది. ఇందులో డ్రమ్ము లేదు, పైన ఇటుకల గుమ్మటమే. 1981-82లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బయోగ్యాస్ పథకం ఆరంభించినది. 1984లో దీనబంధు గుంత వచ్చినది. గుమ్మటం గుంతలలో ఒత్తిడి స్థిరంగా ఉండదు. గ్యాసు నిండినప్పుడు మీటరు నీటి ఎత్తుకు దగ్గరగా పోతుంది, వాడుతున్న కొద్దీ తగ్గుతుంది. డ్రమ్ము గుంతలో ఒత్తిడి తక్కువ గనుక అతుకు కొంచెం వదులయినా పెద్దగా తెలియదు. గుమ్మటం గుంతలో ఆ కొంచెం సందులో నుండే రాత్రికి రాత్రి గ్యాసంతా పోగలదు. గుంత రకం మారినప్పుడు గొట్టం మీద శ్రద్ధ కూడా పెరగవలసి ఉండెను. మనలో చాలామంది గుంతను మార్చినారు గాని గొట్టం అలవాటును మార్చలేదు.

మన సీమకు ఈ గ్యాసు తగినది. 1931లో పూర్తయిన నిజాంసాగరం, ఎల్లారెడ్డి వైపు పోచారం చెరువు ఇక్కడి పొలాలకు నీరిచ్చినవి. వరి, చెరకు పండినవి. కామారెడ్డి బెల్లం బజారుకు పేరు వచ్చినది. చెరకు, వరి ఉన్న చోట ఎడ్లు, బర్లు ఉండినవి, పెండకు కొదువ లేదు. ఒక కిలో పచ్చి పెండకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. 2 ఘనపు మీటర్ల గుంతకు రోజుకు 50 కిలోల పెండ కావాలి. నాలుగైదు పశువులున్న ఇంటికి అది చాలు, ఆ ఇంటి వంటకు గ్యాసూ చాలు. ఇప్పుడు ఎడ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చినవి. అయినా పాడి బర్లున్న ఇండ్లు ఉన్నవి, ఆ ఇండ్లకు ఈ మాట ఇప్పటికీ పనికివస్తుంది.

ఇక మొదటి ప్రశ్న: గొట్టం లోపల ఏమి పోతున్నది? పెండ గ్యాసులో మండేది మీథేను, సుమారు 55 నుండి 65 పాళ్ళు. మిగిలినదానిలో ఎక్కువ భాగం బొగ్గుపులుసు గాలి. వీటితో రెండు దొంగలు కూడా వస్తాయి. ఒకటి నీటి ఆవిరి, రెండవది కుళ్ళిన కోడిగుడ్డు వాసన గల గంధకపు వాయువు.

ముందు నీటి దొంగను చూద్దాము. గుంతలో గ్యాసు ఆవిరితో నిండి ఉంటుంది. 35 డిగ్రీల వేడి గల ఒక ఘనపు మీటరు గ్యాసు 20 డిగ్రీలకు చల్లబడితే 20 గ్రాములకు పైగా నీరు విడుస్తుంది. రోజుకు 2 ఘనపు మీటర్లు అట్లా చల్లబడితే నెలకు లీటరుకు మించి నీరు గొట్టంలో చేరుతుంది. గొట్టం ఎక్కడైనా ఉయ్యాలలా జారి ఉంటే ఆ నీరు అక్కడ నిలుస్తుంది. డ్రమ్ము గుంత ఒత్తిడి 10 సెంటీమీటర్లే గదా! ఆ వంపులో నీరు 10 సెంటీమీటర్ల ఎత్తు అడ్డం నిలిచిందంటే గ్యాసు దానిని దాటలేదు. పొయ్యి దగ్గర మంట ఎగిరెగిరి పడి ఆరిపోతుంది. గుంత చెడినదని మనం అనుకుంటాము. చెడినది గుంత కాదు, గొట్టం వాలు. అందుచేత ప్రతి 100 మీటర్లకు 1 మీటరు చొప్పున గొట్టం ఒకే వైపు వాలి ఉండాలి. అన్నింటికన్న పల్లపు చోట నీరు తీసే చిన్న నల్లా పెట్టి, వారానికొకసారి తెరిచి, నీరు పోగానే మూసెయ్యాలి. ఆ పని చేసేటప్పుడు దగ్గరలో బీడీగాని, దీపంగాని ఉండరాదు.

రెండవ దొంగ గంధకపు వాయువు. తేమతో కలిసినప్పుడు ఇది ఇనుమును తింటుంది. రాగిని నల్లబరుస్తుంది, ఆ నల్లని పొర పెచ్చులుగా రాలి పొయ్యి రంధ్రంలో అడ్డం పడుతుంది. పట్టణాలలో గొట్టపు గ్యాసు వచ్చే ఇండ్లలో రాగి పైపు చూసి, "మనం కూడా రాగి వేసుకుంటే పోలా!" అనే వారున్నారు. అక్కడి గ్యాసును శుద్ధి చేసి ఆరబెట్టి పంపుతారు. మన గుంతలోని గ్యాసు తడిది, గంధకం గలది. వారి గొట్టం వారి గ్యాసుకు తగినది. దానిని చూసి మనం వేసుకుంటే ఎక్కువ ధర పెట్టి తక్కువ కాలం వాడుకున్నట్లవుతుంది.

ఇక ప్లాస్టిక్ కథ. పాలిథీన్ అనే పదార్థం 1933లో ఇంగ్లండులోని ఒక రసాయనశాలలో, వేరే పరీక్ష చేస్తుండగా అనుకోకుండా బయటపడినది. 1953లో జర్మనీలో సీగ్లర్ అనే శాస్త్రజ్ఞుడు గట్టి రకం పాలిథీన్ చేసే మార్గం చూపినాడు. 1960ల నుండి అమెరికాలో, ఐరోపాలో దీనితో చేసిన గొట్టాలు నేలలో పాతి గ్యాసు పంపడం పెరిగినది. తుప్పు పట్టదు, వంగుతుంది, పొడవుగా చుట్టలో వస్తుంది గనుక అతుకులు తక్కువ. చూడండి, అక్కడి వారు దానిని నేలలో పాతినారు. ఎండలో వేలాడదీయలేదు, వంటింట్లోకి తేలేదు.

మన ఊళ్ళలోకి ప్లాస్టిక్ గొట్టం బోరుబావి వెంట వచ్చినది. నీటికి వేయగా మిగిలిన ముక్క పెండ గ్యాసుకు చేరినది. నీరు కారితే నేల తడుస్తుంది, కంటికి కనపడుతుంది. గ్యాసు కారితే కంటికి కనపడదు. నీటికి పాతబడిన పైపు గ్యాసుకు పనికిరాదని ఇందుకే చెబుతున్నాను.

ఇప్పుడు రెండవ ప్రశ్న: గొట్టానికి బయట ఏమి తగులుతున్నది? కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టూ చల్క నేలలు ఎక్కువ. నీరు త్వరగా ఇంకిపోతుంది, పాతిన గొట్టం కదలదు. మద్నూరు, జుక్కల్, బిచ్కుంద వైపు రేగడి. అది వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ కదలికకు ఇనుప పైపు అతుకులు వదులవుతాయి. పైగా తడి రేగడిలో ఇనుము బయటి నుండి కూడా తుప్పు పడుతుంది. అట్టి చోట నేలలో వంగే నల్ల పాలిథీన్ పైపు మేలు. దాని చుట్టూ ఇసుక పోసి పూడిస్తే నేల కదలిక గొట్టానికి అంతగా తగలదు.

నేల పైకి వచ్చినాక సంగతి మారుతుంది. ఎండకు తెల్లని, బూడిద రంగు ప్లాస్టిక్ పైపులు పెళుసుబారి, ఒక్క దెబ్బకు పగులుతాయి. నల్ల పైపు ఎండకు కొంత ఓర్చుకుంటుంది గాని వేడికి మెత్తబడి జారుతుంది. జారిన చోట నీరు నిలుస్తుందని ముందే చెప్పుకున్నాము. ఎలుకలు, పందికొక్కులు కొరుకుతాయి. మన వైపు కోతుల సంగతి వేరే చెప్పనక్కర లేదు. గోడ వెంట తీగలా పోయే గొట్టాన్ని చూస్తే అవి ఊగకుండా ఉండవు. ఇనుము అయితే వీటన్నింటికీ నిలుస్తుంది.

కాబట్టి "ఇనుమా, ప్లాస్టికా?" అన్న ప్రశ్నకు చరిత్ర చెప్పే జవాబు ఇది. ఒకే గొట్టం మొదటి నుండి చివర దాకా వేయాలన్న నియమం లేదు. గుంత మీది మొదటి ముక్క, పెద్ద వాల్వు దాకా జి.ఐ. పైపు. ఆ ముక్క గుమ్మటంలో పాతి ఉంటుంది గనుక మళ్ళీ మార్చడం కష్టం, మంచి బరువు రకం వేయించండి. అక్కడి నుండి నేలలో పోయే భాగం మూరెడు లోతున నల్ల పాలిథీన్ పైపు, చల్క నేలలో దూరం తక్కువయితే జి.ఐ. కూడా సరే. గోడ దగ్గర నేల పైకి లేచే చోట మళ్ళీ జి.ఐ. ప్లాస్టిక్‌కూ ఇనుముకూ కలిపే చోట అందుకోసం చేసిన జోడింపు వాడాలి. పైపును వేడి చేసి దూర్చి తీగ చుట్టడం అతుకు కాదు. వంటింట్లోకి పోయే గొట్టం జి.ఐ., పొయ్యి దగ్గర చేతికి అందే చోట ఒక వాల్వు, అక్కడి నుండి పొయ్యికి గ్యాసు కోసమే చేసిన రబ్బరు గొట్టం ముక్క. ఇంతే.

గొట్టం లావు కూడా ముఖ్యమే. రెండింతలు లావు గల గొట్టంలో గ్యాసు రెండింతలు కాదు, అయిదింతలకు పైగా పోతుంది. గుంత దూరమయిన కొద్దీ అరంగుళం బదులు ముప్పావు అంగుళం, అంగుళం వైపు పోవాలి. అన్నింటికన్న మంచిది గుంతను వంటింటికి దగ్గరగా కట్టుకోవడం. దూరం తగ్గితే పైపు ఖర్చు, అతుకులు, నీరు, అన్నీ తగ్గుతాయి.

ఇంకొక హెచ్చరిక. మన దేశంలో సిలిండరు గ్యాసు 1955లో బొంబాయిలో మొదలయినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో ఉజ్జ్వల పథకం వచ్చి, అది పల్లె ఇండ్లకు చేరినది. ఇప్పుడు చాలా ఇండ్లలో రెండు గ్యాసులూ ఉన్నవి. ఈ రెండూ ఒక జాతివి కావు. పెండ గ్యాసు గాలికన్న కొంచెం తేలిక, కిటికీ తెరిస్తే పైకి పోతుంది. సిలిండరు గ్యాసు గాలికన్న బరువు, నేల మీద పరుచుకుని మూలన దాగుతుంది. ఒకదాని గొట్టానికి రెండవదానిని ఎన్నడూ కలపవద్దు. సిలిండరుకు దాని కోసం చేసిన, ఐ.ఎస్.ఐ. గుర్తు గల సురక్షా గొట్టమే వాడి, 5 యేండ్లకు ఒకసారి మార్చండి. దాని మధ్యలో అతుకు ఉండరాదు.

గొట్టం వేసిన రోజున పూడ్చకముందే పరీక్ష చేయండి. సబ్బు నురుగు ప్రతి అతుకు మీద పూయండి. బుడగ లేస్తే అక్కడ గ్యాసు కారుతున్నట్లు. అగ్గిపుల్ల గీసి చూడడం పరీక్ష కాదు, ప్రాణంతో చెలగాటం. కొత్త గుంతలో మొదట వచ్చే గ్యాసులో గాలి కలిసి ఉంటుంది. దానిని బయటికి వదిలివేయాలి. తరువాత వెలిగించి చూసేది పొయ్యి దగ్గరనే గాని, గొట్టం కొన దగ్గర గాని గుంత దగ్గర గాని ఎన్నటికీ కాదు.

వెదురు వేసినవాడు, తుపాకీ గొట్టం వేసినవాడు, సీసం వేసినవాడు, ప్రతివాడూ తన చేతికి అందినదే వేసినాడు. వారిలో లోపల పోయేదాన్నీ బయట తగిలేదాన్నీ చూసుకున్నవాడి దీపం వెలిగినది. మనకు బజారులో అన్ని రకాలూ అందుతున్నవి. ఇటుకలకు ఎంత బేరమాడుతారో, అంత ఆలోచన ఈ గొట్టానికి కూడా పెట్టండి. ఇప్పటికే గుంత ఉండి పొయ్యి వెలగని ఇల్లు మీదయితే, గుంతను పూడ్చే ముందు ఒకసారి గొట్టం వాలు చూడండి, నీరు తీయండి, అతుకులకు సబ్బు నురుగు పెట్టండి. ఆ ఒక్క పూట పనితో మీ ఇంటి ఆడవారికి పొగ బాధ తప్పవచ్చును.